ద్వీపదేశంలో పెద్దల సభ

ప్రవేశం

ఎక్కువమంది కోరినట్లు పాలన సాగడం ప్రజాస్వామ్యం. అయితే సంఖ్యలో తక్కువగా ఉన్నవారి మాట ఎవరు వినాలి? ఈ ప్రశ్నకు ఒక్కొక్క దేశం ఒక్కొక్క విధంగా సమాధానం వెతికింది. వాటిలో ఒకటి పెద్దల సభ. తెలుగువారు కూడా వెళ్లి స్థిరపడిన ఫిజీ అనే చిన్న ద్వీపదేశంలో ఆ సభ ఎందుకు పుట్టింది, ఏమి చేసింది, ఎందుకు లేకుండా పోయింది అనే విషయాలను ఈ పాఠంలో తెలుసుకుందాం.

పాఠం

బళ్లారి జిల్లాలో విధానసభ ఎన్నికలు వస్తే ఊరూరా సందడే. గోడల మీద గుర్తులు, వీధుల్లో ఊరేగింపులు, అరుగుల మీద చర్చలు కనిపిస్తాయి. కాని ఇక్కడ ఇంకొక ఎన్నిక కూడా జరుగుతూ ఉంటుంది. దాని చప్పుడు ఊళ్లో అంతగా వినిపించదు. ఆ ఎన్నికలో మీ నాన్నగారికో, అమ్మగారికో ఓటు ఉండకపోవచ్చు. మీ ఊరి గ్రామ పంచాయతీ సభ్యులకు మాత్రం ఉంటుంది. మీ ఉన్నత పాఠశాలలో పాఠాలు చెప్పే ఉపాధ్యాయులకు, ఊళ్లోని పట్టభద్రులకు కూడా వేరువేరు స్థానాలకు ఓట్లు ఉంటాయి. అది విధాన పరిషత్తు ఎన్నిక. దీన్నే తెలుగులో శాసనమండలి అంటారు. వాడుకలో పెద్దల సభ అని కూడా అంటారు.

కర్ణాటక విధాన పరిషత్తులో 75 మంది సభ్యులు ఉంటారు. వారిలో 25 మందిని విధానసభ సభ్యులు ఎన్నుకుంటారు. మరో 25 మందిని గ్రామ పంచాయతీలు, పురసభలు మొదలైన స్థానిక సంస్థల సభ్యులు ఎన్నుకుంటారు. ఏడుగురిని పట్టభద్రులు, మరో ఏడుగురిని ఉపాధ్యాయులు ఎన్నుకుంటారు. మిగిలిన 11 మందిని గవర్నరు నియమిస్తారు. సాహిత్యం, విజ్ఞానం, కళలు, సహకారోద్యమం, సంఘసేవ వంటి రంగాలలో అనుభవం ఉన్నవారికి ఈ స్థానాలు ఉద్దేశించారు. సభ్యుని పదవీకాలం ఆరేళ్లు. రెండేళ్లకొకసారి మూడోవంతు మంది దిగిపోతారు, కొత్తవారు వస్తారు. అందువల్ల విధానసభలాగా ఈ సభ ఒకేసారి రద్దయి మళ్లీ ఏర్పడదు.

రెండో సభ ఎందుకు?

ఒక ఇంట్లో ముఖ్యమైన పని తలపెట్టినప్పుడు ఒకరు అనుకున్నదే తడవుగా చేసెయ్యరు. పెద్దవారిని ఒక మాట అడుగుతారు. వారు కాదనకపోవచ్చు, కాని ఆలోచించని ఒక చిక్కును చూపించవచ్చు. చట్టం విషయంలోనూ అంతే. దిగువ సభలో సంఖ్యాబలం ఉన్న పక్షం ఒక బిల్లును గంటలో ఆమోదించగలదు. ఎగువ సభ ఆ బిల్లును మరొకసారి చదువుతుంది. లోపాలుంటే చూపుతుంది. కావలసిన సవరణలు సూచిస్తుంది. ఇది ఎగువ సభ మొదటి పని.

ఎన్నికల పోటీలో నిలబడి గెలవలేని విద్వాంసులు, కళాకారులు, సేవాపరుల అనుభవం పాలనకు అందేలా చూడడం రెండో పని. సంఖ్యలో తక్కువ ఉన్నవారికి, ఓట్ల లెక్కలో మరుగునపడిపోయేవారికి అండగా నిలబడడం మూడో పని. మొదటి రెండు పనులను గురించి ఎవరూ పెద్దగా తగవుపడరు. చిక్కంతా మూడో పనితోనే వస్తుంది.

మన రాజ్యాంగం రాష్ట్రాల ఎగువ సభకు పరిమితమైన అధికారాన్నే ఇచ్చింది. విధానసభ పంపిన సాధారణ బిల్లును విధాన పరిషత్తు మొదటిసారి మూడు నెలలు, విధానసభ మళ్లీ ఆమోదించి పంపితే ఇంకొక నెల ఆపగలదు. ఆ తరువాత విధానసభ మాటే నెగ్గుతుంది. ధనసంబంధమైన బిల్లునైతే 14 రోజులకు మించి ఆపలేదు. అంటే మన పరిషత్తు చేతిలో ఉన్నది కళ్లెం మాత్రమే, తాళం కాదు. బండిని కాసేపు నిదానంగా నడిపించగలదు గాని, నిలిపివేయలేదు.

"నిదానమే ప్రధానం" అని ఒక సామెత. "ఆలస్యం అమృతం విషం" అని మరొకటి. ఎగువ సభను గురించిన వాదమంతా ఈ రెండు సామెతల మధ్యనే తిరుగుతుంది. అందుకే మన దేశంలో అన్ని రాష్ట్రాలకూ ఈ సభ లేదు. కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, మహారాష్ట్ర, ఉత్తరప్రదేశ్, బీహార్ రాష్ట్రాలలో మాత్రమే ఉంది. మనకు పొరుగున ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో 1958లో ఏర్పడిన శాసనమండలి 1985లో రద్దయింది. 2007లో మళ్లీ ఏర్పడింది. తమిళనాడులో 1986లో రద్దయింది.

ఎగువ సభకు కళ్లెంతోపాటు తాళం కూడా ఇస్తే ఏమవుతుంది? ఆ తాళం చెవి ఎవరి చేతిలో ఉండాలి? ఈ ప్రశ్నలకు సమాధానం ఫిజీ దేశ చరిత్రలో దొరుకుతుంది.

ఫిజీ దేశం, అక్కడి తెలుగువారు

ఫిజీ పసిఫిక్ మహాసముద్రంలో న్యూజిలాండుకు ఉత్తరాన ఉన్న ద్వీపాల సముదాయం. ద్వీపాలు మూడు వందలకు పైగా ఉన్నా, జనం నివసించేవి వంద పైచిలుకు మాత్రమే. మొత్తం వైశాల్యం సుమారు 18,300 చదరపు కిలోమీటర్లు. విజయనగర జిల్లా విడిపోకముందు ఉన్న బళ్లారి జిల్లాకు రెండింతల కంటే కొంచెం ఎక్కువ. జనాభా మాత్రం సుమారు 9 లక్షలే. విటి లెవు, వనువా లెవు అనేవి పెద్ద ద్వీపాలు. రాజధాని సువా.

1874 అక్టోబరు 10న ఫిజీ బ్రిటిషువారి పాలన కిందికి వచ్చింది. మరుసటి ఏడాదే తట్టు వ్యాధి వ్యాపించి మూలవాసులు వేలాదిగా మరణించారు. బ్రిటిషు గవర్నరు ఆర్థర్ గార్డన్ మూలవాసుల భూములను బయటివారికి అమ్మకూడదని కట్టుదిట్టం చేశాడు. మూలవాసులను తోటలలో కూలీలుగా పెట్టడం కూడా ఆయనకు ఇష్టం లేదు. మరి చెరకుతోటలలో పని ఎవరు చేయాలి? అందుకోసం భారతదేశం నుండి ఒప్పందపు కూలీలను రప్పించారు. మొదటి ఓడ 1879 మే 14న ఫిజీ చేరింది. 1916 వరకు ఓడలు వస్తూనే ఉన్నాయి. ఆ విధంగా వెళ్లినవారు 60 వేలకు పైగా ఉన్నారు. ఐదేళ్ల పనికి వేలిముద్ర వేయించుకొన్న ఆ ఒప్పందాన్ని ఇంగ్లీషులో అగ్రిమెంటు అంటారు. కూలీల నోట అది 'గిర్మిట్' అయింది.

1903 నుండి మద్రాసు రేవు ద్వారా కూడా కూలీలను పంపసాగారు. అప్పుడు బళ్లారి కూడా మద్రాసు రాజధానిలోని జిల్లాయే. అలా వెళ్లిన సుమారు 15 వేలమందిలో తమిళులు, మలయాళీలతోపాటు కోస్తా జిల్లాల తెలుగువారు ఉన్నారు. ఉత్తరాదివారి హిందీయే అక్కడి భారతీయులకు ఉమ్మడి భాష అయిపోయింది. దక్షిణాది భాషలకు చోటు తగ్గింది. అందువల్ల 1926లో సాధు కుప్పుస్వామి నాయకత్వాన నాడి పట్టణంలో దక్షిణ భారతీయుల సంగం ఏర్పడింది. బడులు పెట్టించింది. తెలుగువారు 1941లో తమకంటూ ఆంధ్ర సంగం స్థాపించుకొన్నారు. తక్కువమందిలో తక్కువమంది కావడమంటే ఏమిటో ఆ తెలుగువారికి బాగా తెలుసు.

గిర్మిట్ ముగిసిన తరువాత చాలామంది వెనక్కి రాలేదు. మూలవాసుల భూములు కౌలుకు తీసుకొని చెరకు పండించారు. కుటుంబాలు పెరిగాయి. 1946 జనాభా లెక్కలలో భారతీయ సంతతివారి సంఖ్య మూలవాసుల సంఖ్యను మించింది. "మా దేశంలోనే మేము తక్కువైపోయాం. రేపు చట్టం చేసి మా భూములు లాక్కుంటారేమో" అని మూలవాసులకు భయం పట్టుకొంది. "భూమి మాది కాదు. కౌలు గడువు ముగిస్తే మా గతి ఏమిటి?" అని భారతీయులకు భయం. ఒకే పొలం గట్టు మీద ఇద్దరూ రెండు భయాలతో నిలబడి ఉన్నారు.

రెండు తాళాలు

ఫిజీకి 1970 అక్టోబరు 10న స్వాతంత్ర్యం వచ్చింది. ఈ రెండు భయాలనూ దృష్టిలో పెట్టుకొని అప్పటి రాజ్యాంగం రెండు సభలను ఏర్పరచింది. ప్రతినిధుల సభలో 52 మంది సభ్యులు. అందులో మూలవాసులకు 22, భారతీయులకు 22, మిగిలిన వర్గాలవారికి 8 స్థానాలు. ఎగువ సభ పేరు సెనేటు. అందులో 22 మంది. వీరిని ప్రజలు ఎన్నుకోరు, నియమిస్తారు. ఎనిమిది మందిని మూలవాసుల తెగ పెద్దల మహామండలి, ఏడుగురిని ప్రధానమంత్రి, ఆరుగురిని ప్రతిపక్ష నాయకుడు సూచించేవారు. దూరాన ఉన్న రొటూమా ద్వీపపు మండలి ఒకరిని సూచించేది.

ఈ సెనేటు మామూలు బిల్లులను పరిశీలించడంతో ఆగలేదు. మూలవాసుల భూమికి, ఆచారాలకు సంబంధించిన ముఖ్యమైన చట్టాలను మార్చాలంటే ఒక్కొక్క సభలోనూ మొత్తం సభ్యులలో నాలుగింట మూడువంతుల మంది ఒప్పుకోవాలి. దానికి తోడు సెనేటులో తెగ పెద్దలు పంపిన ఎనిమిది మందిలో కనీసం ఆరుగురు ఒప్పుకోవాలి. వారిలో ముగ్గురు కాదంటే చాలు, ఆ మార్పు ఆగిపోయినట్లే.

ఇందులో ఒక విశేషం ఉంది. ఈ రక్షణ పొందిన చట్టాలలో కౌలు చట్టం కూడా ఉంది. ప్రతినిధుల సభలో నాలుగింట మూడువంతులంటే 39 మంది. 22 మంది భారతీయ సభ్యులు కలిసి కాదంటే ఆ సంఖ్య రాదు. అంటే కౌలు చట్టానికి రెండు తాళాలు పడ్డాయి. దిగువ సభలోని తాళం చెవి భారతీయుల చేతిలో ఉంటే, ఎగువ సభలోని తాళం చెవి తెగ పెద్దల చేతిలో ఉంది. ఒకరిని కాదని మరొకరు తలుపు తీయలేరు. 1976లో కౌలు గడువు కనీసం 30 ఏళ్లు ఉండేలా చట్టాన్ని మార్చారు. ముప్పై ఏళ్లంటే ఒక రైతు తన పిల్లలను పెంచి పెద్దచేసుకొనేంత కాలం. భూమి తనది కాకపోయినా ఆ రైతు కంటినిండా నిద్రపోగలిగాడు. భూమి అమ్ముడుపోదని దాని యజమానీ నిశ్చింతగా ఉన్నాడు.

అయితే తాళం దొంగను ఆపినట్లే ఇంటివారినీ ఆపుతుంది. ఆ 30 ఏళ్ల కౌళ్ల గడువు 1997 నుండి ముగియసాగింది. వాటిని ఎలా పొడిగించాలి, కౌలు ఎంత ఉండాలి అనే విషయంలో ఇరుపక్షాలకూ పొత్తు కుదరలేదు. ఇద్దరూ ఒప్పుకొంటేగాని చట్టం మారదు. చట్టం మారక, కౌలు పొడిగింపు దొరకక ఎన్నో చెరకు రైతు కుటుంబాలు తాతల నాటి పొలాలు విడిచి వెళ్లాయి. కొందరు పట్టణాల అంచులకు చేరారు. స్తోమత ఉన్నవారు ఆస్ట్రేలియా, న్యూజిలాండు, కెనడా వంటి దేశాలకు వలసపోయారు. కాపాడడానికి వేసిన తాళమే కదలకుండా చేసింది.

కంచే చేను మేస్తే

ఇంతకంటే పెద్ద దెబ్బ మరొక వైపు నుండి వచ్చింది. 1987 ఏప్రిల్ ఎన్నికలలో తిమోచి బవడ్రా నాయకత్వంలోని కూటమి గెలిచింది. బవడ్రా మూలవాసే. కాని ఆయన వెనుక భారతీయుల మద్దతు అధికంగా ఉంది. మే 14న సైనికాధికారి సితివేని రబుకా సాయుధులతో ప్రతినిధుల సభలోకి ప్రవేశించి, ప్రధానమంత్రిని, సభ్యులను బంధించాడు. మొదటి గిర్మిట్ ఓడ వచ్చి సరిగ్గా 108 ఏళ్లయిన రోజు అది. దేశాన్ని కాపాడవలసిన సైన్యమే ప్రభుత్వాన్ని కూల్చింది. కంచే చేను మేస్తే దిక్కెవరు? సెనేటు గాని, దాని తాళాలు గాని తుపాకిని ఆపలేకపోయాయి.

1990లో కొత్త రాజ్యాంగం వచ్చింది. సెనేటులో 34 స్థానాలు పెట్టి అందులో 24 మూలవాసులకే కేటాయించారు. ప్రధానమంత్రి పదవి కూడా మూలవాసులకే అన్నారు. పెద్దల సభ ఇద్దరి మధ్య నిలబడే మధ్యవర్తిగా కాక, ఒక పక్షపు కోటగా మారింది. ఇది ఎక్కువకాలం నడవదని అందరూ గ్రహించారు. ఇరుపక్షాల నాయకులూ మాట్లాడుకొని 1997లో మరొక రాజ్యాంగాన్ని రూపొందించారు. సెనేటులో 32 స్థానాలు అయ్యాయి. తెగ పెద్దల మండలి 14 మందిని, ప్రధానమంత్రి 9 మందిని, ప్రతిపక్ష నాయకుడు 8 మందిని, రొటూమా మండలి ఒకరిని సూచించే ఏర్పాటు జరిగింది.

1999లో మహేంద్ర చౌదరి ప్రధానమంత్రి అయ్యాడు. భారతీయ సంతతివాడు ఫిజీకి ప్రధాని కావడం అదే మొదటిసారి. సరిగ్గా ఏడాదికి, 2000 మే 19న సాయుధులు పార్లమెంటులోకి చొరబడి ఆయనను, మరికొందరిని 56 రోజులు బందీలుగా ఉంచారు. ఆ గడబిడలో రాజ్యాంగమే రద్దయిందని కొత్తగా వచ్చిన పాలకులు ప్రకటించారు. అప్పుడు ఒక సామాన్య రైతు న్యాయస్థానానికి వెళ్లాడు. 1997 నాటి రాజ్యాంగం ఇంకా అమలులోనే ఉందని 2001 మార్చిలో అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. ఎన్నికలు జరిగాయి, రెండు సభలూ మళ్లీ కూర్చున్నాయి. సభ చేయలేని పనిని ఒక రైతు అర్జీ, ఒక కోర్టు తీర్పు చేశాయి.

కాని 2006 డిసెంబరులో సైన్యం మరోమారు అధికారాన్ని చేజిక్కించుకొంది. 2009లో రాజ్యాంగం రద్దయింది. 2013లో వచ్చిన కొత్త రాజ్యాంగంలో సెనేటు లేదు. జాతివారీ స్థానాలూ లేవు. దేశమంతటికీ కలిపి ఒకే సభ, పౌరులందరికీ సమానమైన ఓటు అన్నారు. 2014 ఎన్నికలలో ఆ సభకు 50 స్థానాలు, 2022 నాటికి 55 స్థానాలు. చిన్న దేశానికి రెండు సభల ఖర్చు ఎందుకని కొందరి వాదన. ప్రజలు ఎన్నుకోనివారు ప్రజలు ఎన్నుకొన్నవారిని ఆపడం న్యాయమా అని మరికొందరి ప్రశ్న. ఒకే సభ ఉంటే దానిని అదుపు చేసేదెవరని ఇంకొందరి ఆందోళన. మూడింటిలోనూ నిజం ఉంది.

వేరొక మార్గం

హిందూ మహాసముద్రంలోని మారిషస్ కూడా చిన్న ద్వీపదేశమే. అక్కడా తెలుగువారు ఉన్నారు, బడులలో తెలుగు నేర్పుతున్నారు. 1968లో స్వతంత్రమైన ఆ దేశం పెద్దల సభను పెట్టుకోలేదు. ప్రజలు ఎన్నుకొన్న సభ్యులు కాక, తగినన్ని స్థానాలు రాని వర్గాలవారి నుండి ఎనిమిది మంది వరకు అదనంగా తీసుకొనే పద్ధతి పెట్టింది. పోటీచేసి ఓడినవారిలో మంచి ఓట్లు తెచ్చుకొన్నవారికి ఈ స్థానాలు దక్కుతాయి. అంటే తక్కువమందికి వేరే ఇల్లు కట్టకుండా, ఉన్న ఇంట్లోనే చోటు చూపింది. ఈ పద్ధతిలో ప్రతి అభ్యర్థీ తన వర్గమేమిటో చెప్పుకోవలసి రావడాన్ని అక్కడ చాలామంది ఆక్షేపించారు.

మన దేశానిది మూడో మార్గం. భాషలో గాని, మతంలో గాని తక్కువమంది అయినవారికి తమ భాషను, సంస్కృతిని నిలుపుకొనే హక్కును, తమ ఇష్టప్రకారం విద్యాసంస్థలు నెలకొల్పుకొనే హక్కును రాజ్యాంగంలోని 29, 30 అధికరణాలు ఇస్తున్నాయి. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించాలని 350-ఎ అధికరణం చెబుతున్నది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి తాలూకా మైసూరు రాష్ట్రంలో చేరింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరాయి. గీత ఎటు గీసినా రెండు వైపులా తక్కువమంది మిగులుతారు. ఇటు తెలుగు పలికేవారు, అటు కన్నడం పలికేవారు మిగిలారు. ఈ అధికరణాలు ఆ ఇద్దరికీ సమానంగా వర్తిస్తాయి. మీరు ఈ పాఠాన్ని తెలుగులో చదువుతున్నారంటే దాని వెనుక ఉన్నది ఇటువంటి హక్కులే.

సభ, స్థానం, హక్కు అనే ఈ మూడూ తక్కువమందికి కట్టిన కంచెలే. ఏ కంచె అయినా దానిని గౌరవించేవారు ఉన్నప్పుడే కంచె. ఫిజీ సెనేటు చట్టాన్ని మన్నించే చేతులను ఆపగలిగింది, తుపాకి పట్టిన చేతులను ఆపలేకపోయింది. అంతేకాదు, కంచె ఇరువైపులవారికీ న్యాయంగా ఉన్నంతకాలమే నిలిచింది, ఒకరి కోటగా మారినప్పుడు కూలింది.

పద్దెనిమిదేళ్లు నిండగానే మీకు విధానసభకు ఓటు వస్తుంది. పట్టభద్రులై మూడేళ్లు గడిచిన తరువాత పేరు నమోదు చేసుకొంటే విధాన పరిషత్తు పట్టభద్రుల స్థానానికి కూడా ఓటు వస్తుంది. పంచాయతీ సభ్యులైతే మూడో ఓటు. ఆ రోజున "ఎక్కువమందికి ఏది మేలు?" అనే ప్రశ్నతోపాటు "తక్కువమందికి ఏమవుతుంది?" అనే ప్రశ్న కూడా వేసుకొనేవారే నిజమైన పెద్దలు. అటువంటివారు కూర్చొన్న సభే పెద్దల సభ.

పదాలు – అర్థాలు

ఎగువ సభ = పెద్దల సభ, రెండో సభ
మూలవాసులు = ఒక ప్రాంతంలో మొదటినుండి నివసిస్తున్నవారు
సంతతి = వంశం, బిడ్డలు
కౌలు = భూమిని సాగుచేసుకొన్నందుకు యజమానికి ఇచ్చే ప్రతిఫలం; ఆ ఒప్పందం
పొత్తు కుదరడం = ఏకాభిప్రాయం కలగడం
అధికరణం = రాజ్యాంగంలోని ఒక విభాగం
ఆక్షేపించు = తప్పుపట్టు

అభ్యాసం

అ. కింది ప్రశ్నలకు ఒకటి రెండు వాక్యాలలో జవాబులు రాయండి.
1. కర్ణాటక విధాన పరిషత్తు సభ్యులను ఎవరెవరు ఎన్నుకొంటారు?
2. 'గిర్మిట్' అనే మాట ఎలా పుట్టింది?
3. 1970లో ఫిజీ సెనేటు సభ్యులను ఎవరెవరు సూచించేవారు?

ఆ. కింది ప్రశ్నలకు ఐదారు వాక్యాలలో జవాబులు రాయండి.
1. ఫిజీలోని మూలవాసుల భయం ఏమిటి? భారతీయుల భయం ఏమిటి?
2. "కాపాడడానికి వేసిన తాళమే కదలకుండా చేసింది." ఈ మాటను వివరించండి.
3. తక్కువమందిని కాపాడడానికి ఫిజీ, మారిషస్, భారతదేశం అనుసరించిన పద్ధతులను పోల్చండి.

ఇ. "నిదానమే ప్రధానం", "ఆలస్యం అమృతం విషం" అనే సామెతలను రెండు పక్షాలుగా తీసుకొని, పెద్దల సభ అవసరమా కాదా అనే విషయం మీద తరగతిలో చర్చించండి.

ఈ. మీ గ్రామ పంచాయతీ సభ్యులలో ఒకరిని కలిసి, విధాన పరిషత్తు ఎన్నికలో ఓటు ఎలా వేస్తారో అడిగి తెలుసుకొని పది వాక్యాలు రాయండి.